నంది కొండ మీద ఆఖరి నంబరు

పోయిన నెల రెండో ఆదివారం నాడు, బెంగళూరులోని ఒక సైక్లింగ్ బృందం నంది కొండకు ఏర్పాటు చేసిన సామూహిక యాత్రలో నేను పాల్గొన్నాను. తెల్లవారుజామున ఐదు గంటలకు హెబ్బాళ్‌లో బయలుదేరి, దేవనహళ్లి మీదుగా కొండ అడుగుకు చేరి, పైకెక్కి, దిగి, వచ్చిన దారినే తిరిగి రావాలి. మొత్తం 110 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మేము 120 మంది దాకా ఉన్నాము. వారిలో అందరికంటే ఆఖరున కొండ మీదికి చేరినదాన్ని నేను. ముందు వరుసలో వెళ్లినవారికి దారి, పొగమంచు, సూర్యోదయం కనబడి ఉంటాయి. ఆఖరున వెళ్లినందువల్ల నాకు నిర్వాహకుల శ్రద్ధ మొత్తం కనబడింది. దాని గురించే రాయాలని కూర్చున్నాను.

చదును దారిలో సైకిళ్ల గుంపు సులభంగా కలిసి ఉంటుంది. ముందున్నవారు గాలిని చీల్చుకుంటూ పోతారు గనుక, వెనక దగ్గరగా తొక్కేవారికి శ్రమ బాగా తగ్గుతుంది. బలంలో తేడా ఉన్నవారు కూడా ఒకే వేగంతో గంటసేపు కలిసి పోగలరు. కొండ దారిలో ఆ వెసులుబాటు ఉండదు. గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు గాలి అడ్డు దాదాపు ఉండదు, ఎవరి బరువును వారి కాళ్లే పైకి మోయాలి. అందుచేత మొదటి రెండు మలుపుల్లోనే గుంపు విడిపోతుంది. నంది కొండ అడుగు నుండి పై వరకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు. దాన్ని బలమైనవారు అరగంటలో ముగిస్తారు, నాకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఈ యాభై నిమిషాల తేడాను ముందే లెక్కలో వేసుకొని ఏర్పాట్లు చేశారా లేదా అన్నదాన్ని బట్టే, కొండ దారిలో జరిగే సామూహిక యాత్ర మంచిదో కాదో తేలుతుందని నా నమ్మకం.

ఈ నమ్మకం ఊరికే కలగలేదు. రెండేళ్ల కిందట మరో కొండ దారిలో, మరొకరు నిర్వహించిన యాత్రకు డబ్బు కట్టి వెళ్లాను. రెండో మజిలీకి నేను చేరేసరికి నీళ్ల క్యాన్లు ఖాళీ అయ్యాయి, అరటిపండ్ల గంపలో తొక్కలు మిగిలాయి, బ్యానరు మడిచేస్తున్నారు. వెనక ఇంకా ఎంతమంది ఉన్నారని అక్కడ ఎవరూ అడగలేదు. ఇంకో మూడు కిలోమీటర్లు పోయాక పిక్కలు పట్టేసి, దారి పక్కన రాతి మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. చివరికి ఆ దారిన పోతున్న పాల వ్యాను డ్రైవరు నన్నూ నా సైకిలునూ ఎక్కించుకొని కింద దించాడు. యాత్ర విజయవంతంగా ముగిసిందని నిర్వాహకుల సందేశం నేను ఇంటికి చేరకముందే ఫోనుకు వచ్చింది. ఆ రోజు కలిగిన బాధ చాలాకాలం పోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫ్రాన్సులో పుట్టి మన దేశానికి వచ్చిన బ్రెవె అనే దూరప్రయాణ సైక్లింగ్ పద్ధతిలో ఎవరి సంగతి వారే చూసుకోవాలి. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాలలోపు, దారిలో ఉన్న తనిఖీ కేంద్రాల్లో కార్డు మీద ముద్ర వేయించుకుంటూ పూర్తి చేయాలి, పంక్చరు అయినా ఆకలి వేసినా బాధ్యత తొక్కేవారిదే. అందులో అన్యాయం లేదు, ఆ షరతు తెలిసే పేరు నమోదు చేసుకుంటాము. కానీ నీళ్లు, తిండి, సహాయక వాహనం ఇస్తామని చెప్పి డబ్బు తీసుకున్నప్పుడు, ఆ మాట మొదటివారికి ఎంత వర్తిస్తుందో ఆఖరివారికీ అంతే వర్తించాలి.

ఈసారి నేను కూడా సిద్ధపడి వెళ్లాను. నా సైకిలుకు ముందున్న చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక అన్నిటికంటే పెద్ద చక్రానికి 28 పళ్లు ఉండేవి. అంటే పెడలు ఒక్క చుట్టు తిప్పితే సైకిలు సుమారు రెండున్నర మీటర్లు ముందుకు పోతుంది. చదునులో అది సుఖమే గాని, ఏటవాలులో నిమిషానికి 45 చుట్లకు మించి తిప్పలేక మోకాళ్లు నొప్పి పుట్టేవి. మా ఆఫీసులో పనిచేసే హిందూపురం అబ్బాయి ఒకడు, "అక్కా, కాళ్లను మార్చలేం కదా, చక్రం మార్చుకోండి," అని సలహా ఇచ్చాడు. వెనక 34 పళ్ల చక్రం ఉన్న క్యాసెట్టు (వెనక పళ్లచక్రాల గుత్తి), దానికి సరిపడే డిరేలరు (చైనును ఒక పళ్లచక్రం నుండి మరోదానికి జరిపే పరికరం), కాస్త పొడవైన చైను వేయించాను. ఇప్పుడు ఒక్క చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకే పోతుంది. నెమ్మదే, అయినా నిమిషానికి 60 చుట్లు తిప్పగలను. కొండలు ఎక్కాలనుకునేవారు సైకిలు బరువు తగ్గించుకోవడానికి వేలు ఖర్చు పెట్టేముందు ఈ పని చేయించుకుంటే మేలు.

బయలుదేరే ముందు పది నిమిషాలు సూచనలు చెప్పారు. ముందు దీపం, వెనక ఎర్ర దీపం, హెల్మెట్ లేనివారిని వరుసలోకి రానివ్వలేదు. గుంత కనబడితే చేత్తో కిందికి చూపాలి, ఆగాలంటే ముందు చెప్పి పక్కకు తప్పుకున్న తర్వాతే ఆగాలి, ఇద్దరికి మించి పక్కపక్కన తొక్కకూడదు. ఇవన్నీ ఎక్కడైనా చెప్పేవే. ఆ తర్వాత చెప్పిన మాటే నాకు కొత్త: "కొండ మీద ఎవరూ ఎవరికోసమూ వేగం పెంచవద్దు, తగ్గించవద్దు. అందరికంటే వెనక మా మనిషి ఒకరు సైకిలు మీద ఉంటారు, ఆయన వెనక బండి ఉంటుంది. ఆయనను దాటి వెనక ఎవరూ మిగలరు." ప్రతి సైకిలుకూ ఒక నంబరు కట్టారు. నాది 86.

హెబ్బాళ్ నుండి సర్వీసు రోడ్డు మీద చీకట్లో, ఎర్ర దీపాల బారు వెంబడి సాగడం హాయిగా ఉంది. దేవనహళ్లి దాటాక తెల్లవారింది. దారి పక్క ద్రాక్ష తోటల మీద మంచు ఇంకా విడలేదు. ఏడున్నరకు కొండ అడుగుకు చేరి, ఉప్పు వేసిన మజ్జిగ తాగి, రెండు వేరుశనగ చిక్కీలు జేబులో వేసుకొని ఎక్కడం మొదలుపెట్టాను. మూడో మలుపు దగ్గరే నా ముందు ఎవరూ కనబడలేదు. వెనక మాత్రం ఒక సైకిలు చప్పుడు నా వేగంతోనే వస్తూ ఉంది.

అందరికంటే వెనక ఉంటారని చెప్పిన మనిషే ఆయన. అరవై ఏళ్లు ఉంటాయి. మదనపల్లె వైపు మనిషినని మాట కలిశాక చెప్పారు. దాదాపు పదిహేను నిమిషాలు ఆయన పలకరించనే లేదు, పది మీటర్ల దూరంలోనే ఉండిపోయారు. పక్కనే వస్తే మాటల కోసం ఊపిరి వృథా అవుతుందని, మరీ దగ్గరగా వస్తే తరుముతున్నట్టు అనిపిస్తుందని ఆయనకు తెలుసు. నేను ఒకచోట ఆగి, "మీకు ఆలస్యం అవుతోందేమోనండీ," అన్నాను. "నిదానంగా తొక్కండమ్మా. కొండ యాడికీ పోదు, నేనూ యాడికీ పోను," అన్నారు. ఆ తర్వాత నా ఊపిరి కుదుటపడింది.

సగం దాటాక దారి కాస్త తేలికగా అనిపించిన చోట ఉత్సాహపడి చైనును ముందున్న పెద్ద పళ్లచక్రానికి మార్చాను. మలుపు తిరగగానే ఏటవాలు మళ్లీ నిటారుగా లేచింది. పెడలు మీద బరువంతా పెట్టి తొక్కుతూనే చిన్న చక్రానికి దింపబోయాను, చైను పళ్లను తప్పి లోపలి వైపు ఫ్రేము సందులో పడిపోయింది. పడకుండా కాలు ఆనించగలిగాను. ఆయన తన సైకిలును గోడకు ఆనించి వచ్చి, చైనును తాను ముట్టుకోకుండా నాతోనే చేయించారు. వెనక డిరేలరును వేలితో ముందుకు నెడితే చైను వదులవుతుంది. ఆ వదులులో చైనును ముందున్న చిన్న పళ్లచక్రం పై పళ్లకు తగిలించి, వెనక చక్రాన్ని లేపి పట్టుకొని పెడలును చేత్తో తిప్పితే అదే ఎక్కి కూర్చుంటుంది. రెండోసారికి ఎక్కింది. వేళ్లకు అంటిన నల్లటి జిడ్డును దారి పక్క పొడి మట్టితో రుద్దుకుంటుంటే, "గేరు మార్చేది కాళ్ల మీద బరువు పడకముందేనమ్మా. మలుపు కనబడతానే మార్చుకోవల్ల," అన్నారు. ఈ ఒక్క వాక్యం నాకు ఏ వీడియోలోనూ ఇంత స్పష్టంగా అర్థం కాలేదు.

చివరి భాగం అన్నిటికంటే కష్టం. ఏటవాలు పెరగడం ఒక ఎత్తు, సూర్యోదయం చూసి దిగుతున్న కార్లు మలుపుల్లో ఎదురురావడం మరో ఎత్తు. ఇరుకైన మలుపుల దగ్గర పచ్చ చొక్కాలు వేసుకున్న వాలంటీర్లు నిలబడి, కారు వస్తుంటే చెయ్యి ఎత్తి చెబుతున్నారు. మొదటి బృందం పోయి గంట కావస్తున్నా వారిలో ఒక్కరు కూడా కూర్చోలేదు. పైకి చేరేసరికి తొమ్మిది దాటింది. నా వాటా ఇడ్లీలు, అరటిపండు కోతులకు అందకుండా మూత వేసిన డబ్బాలో పెట్టి ఉంచారు. పేరు పేరునా లెక్క చూసి పెట్టినవని తెలిసి మనసు నిండింది.

కొండ ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు. గోడ దగ్గర నిలబడి ఉత్తరం వైపు చాలాసేపు చూశాను. మాది నెల్లూరు. ఈ నంది కొండల వరుసలోనే పెన్న పుడుతుంది. ఇక్కడ ఉత్తర పినాకిని అన్న పేరుతో బయలుదేరి, అనంతపురం నేల మీదుగా గండికోట రాళ్లను కోసుకుంటూ, సోమశిల దాటి మా ఊరికి వస్తుంది. చిన్నప్పుడు ఏ ఏటి ఇసుకలో ఆడుకున్నానో, ఆ ఏరు పుట్టిన కొండలకు నా కాళ్లతో తొక్కుకుంటూ వచ్చానన్న తలపుకు కళ్లు చెమర్చాయి.

ఎక్కడం కష్టమే గాని ప్రమాదమంతా దిగడంలో ఉంటుంది. ఎక్కేటప్పుడు పడినా నడక వేగంతో పడతాము. దిగేటప్పుడు తొక్కకుండానే గంటకు నలభై కిలోమీటర్లు దాటుతుంది. అందుకని పదేసి మందిని ఒక జట్టుగా చేసి, ఒక జట్టు కొంత దూరం పోయాక గాని రెండో జట్టును వదలలేదు. జట్టు ముందు అనుభవం ఉన్న ఒకరు, ఆయనను దాటరాదని నియమం. మాకు చెప్పిన పద్ధతి ఇది. బ్రేకులు అదే పనిగా నొక్కి పట్టుకోకూడదు. రిమ్ముకు రాసుకునే బ్రేకులైతే రిమ్ము బాగా వేడెక్కి లోపల ట్యూబు పగిలే ప్రమాదం ఉంటుంది. మలుపుకు ముందు, దారి తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. తిరిగే వైపు పెడలు పైకి, అవతలి పెడలు కిందికి ఉండాలి, లేదంటే వంగినప్పుడు పెడలు నేలకు తగులుతుంది. చూపు చక్రం ముందు కాక, మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఉండాలి. మలుపుల అంచున కొట్టుకొచ్చిన ఇసుక, గులకరాళ్లు ఉంటాయి గనుక ఎడమ అంచుకు మరీ ఆనుకోకూడదు. మధ్య గీత దాటడం అసలే కూడదు.

ఆఖరి జట్టులో మేము ఆరుగురమే. సగం దారిలో మా జట్టు నాయకుడు అందరినీ ఒక వెడల్పాటి చోట ఆపించి, చక్రాల రిమ్ములను చేత్తో తాకి చూడమన్నారు. నాది వేడెక్కింది, అయినా చెయ్యి పెట్టగలిగేంతే. ఇంకొకరిది ముట్టుకోలేకపోయారు. అది చల్లారేదాకా అందరమూ ఐదు నిమిషాలు నిలబడ్డాము, ఎవరూ విసుక్కోలేదు.

అడుగున చెక్‌పోస్టు దగ్గర మదనపల్లె పెద్దాయన మా వెనకే వచ్చి ఆగారు. జేబులోనుంచి నాలుగు మడతల కాగితం తీశారు, చెమటకు అంచులు తడిసి ఉన్నాయి. వరుసగా ఉన్న నంబర్లలో 86 ఒక్కదానికే టిక్కు లేదు. "ఏమ్మా, బాగుండారు కదా," అని నన్ను ఒకసారి తేరిపార చూసి, దానికి కూడా టిక్కు పెట్టి, ఫోను తీసి, "అందరూ దిగినారు. కొండ మీద మనోళ్లు ఎవరూ లేరు. మలుపుల దగ్గరుండే పిల్లోళ్లను ఇంక రమ్మనండి," అని చెప్పారు.