ఆరో పెట్ట పెట్టిన తెల్లగుడ్డు

తణుకు దగ్గర నాన్న లేయర్ ఫారమ్‌లో పెరిగాను. అక్కడ గుడ్డంటే తెల్లగుడ్డే. ఇప్పుడు అమెరికాలో, అర్కాన్సాస్‌లోని ఒక చిన్న బ్రీడింగ్ ఫారమ్‌లో నీలిగుడ్లు పెట్టే కొత్త జాతిని తయారుచేసే పనిలో ఉన్నాను. నాలుగేళ్లయింది.

మొదట్లో అమ్మ నమ్మలేదు, రంగేశారేమో అంది. వీడియో కాల్‌లో గుడ్డు పగలగొట్టి పెంకు లోపలివైపు చూపించాను. అక్కడా నీలమే. గోధుమరంగు గుడ్డుకి రంగు పైపూతలా ఉంటుంది. నీలిగుడ్డుకి బిలివర్డిన్ అనే పదార్థం పెంకు మందమంతా పడుతుంది. ఈ రెండూ కలిస్తే గుడ్డు ఆకుపచ్చగా వస్తుంది. అందుకే గోధుమరంగు వారసత్వం ఉన్న కోళ్లని మేం దూరం పెట్టి, తెల్లగుడ్ల లెగ్‌హార్న్ జాతితో కలిపాం. గుడ్ల సంఖ్య పెరగడానికి కూడా అదే మేలు.

నీలం తెప్పించడం కష్టం కాదు. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్క నీలి జన్యువు వచ్చినా చాలు, గుడ్డు నీలమే. కేంబ్రిడ్జ్‌లో జన్యుశాస్త్రవేత్త పన్నెట్ 1933లోనే ఈ సంగతి రాశారు. చిక్కంతా ఇక్కడే ఉంది. తరతరాలుగా నీలిగుడ్లే రావాలంటే రెండు నీలి జన్యువులూ ఉన్న కోళ్లే కావాలి. కానీ ఒక జన్యువున్న పెట్టా, రెండున్న పెట్టా నీలిగుడ్డే పెడతాయి. పుంజైతే గుడ్డే పెట్టదు. డీఎన్ఏ పరీక్ష లేకుండా దాని సంగతి తెలియాలంటే తెల్లగుడ్ల పెట్టలతో జత కట్టించి, పుట్టిన ఆడపిల్లలు గుడ్డు పెట్టేదాకా ఆగాలి. అంటే ఐదారు నెలలు.

రెండో ఏడు మాకో పుంజు ఉండేది. మంచి నిలువు, మా వైపు డేగ అనే ఎర్రటి రంగు. ఓనర్, నేను ఇద్దరం దానిమీదే ఆశ పెట్టుకున్నాం. ఏ గుడ్డు ఏ పెట్టదో తెలియడానికి ట్రాప్ నెస్ట్ అనే గూడు వాడతాం. అందులో పెట్ట దూరగానే తలుపు పడుతుంది. మనం వెళ్లి విడిపించి, దాని రెక్క నంబర్ గుడ్డు మీద పెన్సిల్‌తో రాయాలి. రోజుకి ఎన్నోసార్లు, చలిలోనూ. మొదటి ఐదు ఆడపిల్లలూ నీలిగుడ్లే పెట్టాయి. ఆరోది తెల్లగుడ్డు పెట్టింది. అంటే పుంజులో ఉన్నది ఒక్క నీలి జన్యువే. ఎవరూ మార్చలేదు, నంబర్ రాసింది నేనే. ఆ గుడ్డు చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ పుంజు వల్ల పుట్టిన పిల్లలన్నిటినీ మళ్లీ మొదటి నుంచి పరీక్షించాల్సి వచ్చింది. ఒక ఏడాది పోయింది.

గుడ్డు రంగు ఒక్కటే చాలదు. తురాయి, కాళ్ల రంగు, బరువు, ఈకలు అన్నీ ఒకేలా రావాలి. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ గుర్తింపు కావాలంటే ఆ జాతిని కనీసం ఐదుగురు బ్రీడర్లు ఐదేళ్లు పెంచి ఉండాలి. అంటే మా కోడిపిల్లలు మరో నాలుగు ఫారమ్‌లకి వెళ్లి అక్కడా నిలబడాలి. ఈకల విషయంలో మాత్రం నా కన్ను తప్పు చెప్పదు. సంక్రాంతి బరుల దగ్గర డేగ, కాకి, సేతువ, నెమలి అని పుంజుల్ని వేరు చేస్తూ పెరిగినవాణ్ణి కదా.

ఇప్పుడు కొత్త పుంజు పరీక్షలో ఉంది. ఈ వారం తొమ్మిదో ఆడపిల్ల కూడా నీలిగుడ్డు పెట్టింది. ఒకే జన్యువుంటే ఇలా జరిగే అవకాశం 512లో ఒక వంతు. రాత్రి నాన్నకి ఫోన్ చేశాను.

"పుంజు ఏ రంగురా?"

"డేగే నాన్నా."

"ఇంకెన్ని పెట్టాలి?"

"రెండు."


"సరే, అవి కూడా పెట్టాక చెయ్యి."