సున్నా ఎక్కడ పెట్టారు?

కొలతలో తేడా వస్తే ముందు పరికరం మీద పడతాం. స్కేలు అరిగిందనో, స్టాప్‌వాచ్ చవకదనో అంటాం. చాలాసార్లు పరికరం బాగానే ఉంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలుస్తున్నామో ముందే తేల్చుకోకపోవడంతోనే లెక్క చెడుతుంది. బడిలో లోలకం, చేలో మట్టి, ఊళ్లో సిటీ బస్సు, దేన్ని కొలిచినా ఈ తిప్పలే.

లోలకంతో మొదలుపెడదాం. స్టాండుకి బిగించిన బెండు చీలికలోంచి దారం, దాని చివర కొక్కెం ఉన్న ఇత్తడి గుండు. దారం పొడవు, ఒక ఊపుకి (అటు వెళ్లి తిరిగి రావడానికి) పట్టే కాలం తెలిస్తే గురుత్వ త్వరణం, అంటే కిందపడే వస్తువు వేగం సెకను సెకనుకీ ఎంత పెరుగుతుందో తేలుతుంది. హైదరాబాద్‌లో అది 9.78 మీ./సె.²కి దగ్గరగా రావాలి. రికార్డు పుస్తకాల్లో మాత్రం క్లాసు మొత్తానికి 9.8 వచ్చి ఉంటుంది. జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి రాసుకుంటే రాక ఏం చేస్తుంది! ఒక పిల్లాడికి 9.54 వచ్చిందంటే వాడు నిజంగా కొలిచాడన్నమాట. ముందు చూడాల్సింది ఆ పుస్తకమే.

ఆ 9.54 ఎలా వస్తుందో చూడండి. బెండు అంచు నుంచి కొక్కెం పైకొస దాకా స్కేలు పెట్టి 60 సెం.మీ. అని రాసుకుంటారు. కానీ పొడవు తీసుకోవాల్సింది గుండు మధ్యబిందువు దాకా. కొక్కెం అర సెంటీమీటరు, గుండు వ్యాసార్ధం ఒక సెంటీమీటరు అనుకుంటే అసలు పొడవు 61.5. వదిలేసిన ఆ ఒకటిన్నర సెంటీమీటరే 9.78ని 9.54కి దించేసింది. గుండు వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి సగం కలుపుకోవాలి. కొక్కేన్నీ మర్చిపోకూడదు.

ఇంకో తప్పు లెక్కపెట్టే దగ్గర జరుగుతుంది. వాచీ నొక్కుతూనే "ఒకటి" అనేస్తారు. అలా మొదలుపెడితే ఇరవై అనేసరికి నిజంగా పూర్తయ్యేవి 19 ఊపులే. కాలాన్ని 20తో భాగిస్తాం కాబట్టి 5 శాతం తగ్గిపోతుంది. సూత్రంలో పొడవుని కాలం వర్గంతో భాగిస్తాం కనుక జవాబు 10.84కి ఎగబాకుతుంది. వాచీ నొక్కేటప్పుడు "సున్నా" అనాలి, అంతే. నొక్కేది కూడా గుండు చివరికంటా వెళ్లి ఆగినప్పుడు కాదు. అక్కడ అది నెమ్మదిస్తుంది కాబట్టి ఏ క్షణంలో వెనక్కి తిరిగిందో కంటికి ఆనదు. కింద కాగితం మీద సుద్దతో ఒక గీత గీసి, గుండు ఒకే వైపు నుంచి ఆ గీత దాటినప్పుడల్లా లెక్కపెట్టాలి. మధ్యలోనే దాని వేగం ఎక్కువ, దాటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది.

ఇరవై ఊపులు ఎందుకంటే చేతి ఆలస్యాన్ని పంచడానికి. మీటరు లోలకం ఒక్క ఊపుకి 2 సెకన్లు తీసుకుంటుంది. వాచీ నొక్కడంలో 0.2 సెకన్ల తేడా వస్తే ఒక్క ఊపు మీద అది 10 శాతం. 20 ఊపుల మీద అర శాతమే. గుండుని పక్కకు ఎక్కువ లాగకూడదు కూడా. మీటరు దారానికి 10–15 సెం.మీ. చాలు. 30 డిగ్రీల దాకా లాగితే ఊపు కాలం దాదాపు 1.7 శాతం పెరిగిపోతుంది.

ఒకే పొడవుతో ఆపకుండా 40, 60, 80, 100, 120 సెం.మీ.లకు చేసి, అడ్డంగా పొడవు, నిలువుగా కాలం వర్గం వేసి గ్రాఫు గీయండి. కొక్కెం, గుండు వ్యాసార్ధం కలపడం మరిచిపోయినా గీత వాలు మారదు, దాన్నుంచి తీసిన జవాబు సరిగానే ఉంటుంది. కాకపోతే గీత సున్నా గుండా పోదు. పొడవు అక్షాన్ని సున్నాకి ఎడమ పక్కన, సరిగ్గా 1.5 సెం.మీ. దగ్గర కోస్తుంది. మీరు మింగేసిన కొక్కెం, గుండులో సగం అక్కడ తేలతాయి. ఈ ఒక్క గ్రాఫు కోసమైనా లోలకం ప్రయోగం చేయించాలి.

చేలో మట్టిని పరీక్షకి తీసేటప్పుడు కొలత కొస అంటే లోతు. పంట చేలకు 15 సెం.మీ. చెత్తా చెదారం తీసేసి, పారతో 'వి' ఆకారంలో గుంట తవ్వి, ఒక గోడ నుంచి పైనుంచి కింది దాకా రెండు మూడు సెంటీమీటర్ల మందాన ఒకే పొర చెక్కాలి. పైన మందంగా, కింద పలచగా వస్తే పైమట్టి వాటా పెరుగుతుంది. ఎరువు, సేంద్రియ కర్బనం ఉండేవి పైనే కాబట్టి చేను ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుంది. ఒకే తీరుగా ఉన్న మడిలో వంకరటింకరగా నడుస్తూ 10–15 చోట్ల ఇలాగే తీయాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట, నీళ్లు నిలిచే చోట వద్దు. అంతా కలిపి గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలోకి తేవాలి. నీడలోనే ఆరబెట్టాలి. యూరియా సంచిలో వేసిన మట్టిని పరీక్షకి పంపడం దండగ. జింకు చూడాలంటే జింకు పూత బకెట్టూ పనికిరాదు, ప్లాస్టిక్‌దే వాడాలి.

రిపోర్టులో 'హెక్టారుకి ఇన్ని కిలోలు' అని ఉంటుంది. పరీక్షలో వచ్చేది అది కాదు, కిలో మట్టిలో ఇన్ని మిల్లీగ్రాములు అనే అంకె. దాన్ని 2.24తో హెచ్చిస్తారు. హెక్టారు నేలలో 15 సెం.మీ. లోతున సుమారు 22.4 లక్షల కిలోల మట్టి ఉంటుందనే లెక్క అది. మీరు ఏడు సెంటీమీటర్లే గీకి పంపినా ల్యాబు 15 అనుకునే గుణిస్తుంది. నేల గుల్లగా ఉండి ఘనపు సెంటీమీటరుకి 1.2 గ్రాములే తూగితే అసలు మట్టి 18 లక్షల కిలోలే. కిలోకి 125 మిల్లీగ్రాముల నత్రజని కాగితం మీద 280 కిలోలవుతుంది, ఆ నేలలో మాత్రం 225. తక్కువ, మధ్యస్థం అనే వర్గాలను ఈ 2.24 లెక్కతోనే కట్టారు కనుక వర్గాన్ని నమ్మొచ్చు. కిలోల అంకెని పట్టుకుని ఎరువు బస్తాలు తగ్గించేయడం మొదలుపెట్టకండి. అది హెక్టారు లెక్క అని కూడా గుర్తుంచుకోండి, ఎకరానికి కావాలంటే 2.47తో భాగించాలి.

ఇక బస్సు. "ప్రతి పది నిమిషాలకీ ఒక బస్సు" అంటే సగటున ఐదు నిమిషాలు నిలబడితే చాలనుకుంటాం. గంటలో ఆరు బస్సులూ వచ్చాయి, కానీ 2, 18, 2, 18, 2, 18 నిమిషాల ఎడంతో వచ్చాయనుకోండి. సగటు ఎడం పదే. అయితే 18 నిమిషాల ఎడంలో స్టాపుకి వచ్చేవాళ్లు రెండు నిమిషాల ఎడంలో వచ్చేవాళ్లకి తొమ్మిది రెట్లు. ప్రయాణికుడి వైపు నుంచి లెక్కకట్టాలంటే ఒక్కో ఎడాన్నీ వర్గం చేసి కూడి, మొత్తం నిమిషాలకి రెట్టింపుతో భాగించాలి. 984ని 120తో భాగిస్తే 8.2 నిమిషాలు. డిపో సున్నా బస్సు బయల్దేరిన దగ్గర, మన సున్నా స్టాపులో కాలు పెట్టిన దగ్గర.

రెండు నిమిషాల ఎడంతో ఒకదాని వెనకే ఒకటి వచ్చే ఈ జంట బస్సులు ఊరికే పుట్టవు. కాస్త ఆలస్యమైన బస్సుకి స్టాపులో జనం ఎక్కువవుతారు, ఎక్కించుకోవడంలో ఇంకాస్త ఆలస్యం. వెనకొచ్చే దానికి జనం మిగలరు, తేలిగ్గా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. రెండు స్టాపుల్లో ఇద్దరు, ఫోను గడియారాలు, నోటు పుస్తకాలు. బస్సు కదిలిన టైము, రూటు నంబరు, నంబరు ప్లేటులో చివరి నాలుగంకెలు రాసుకోవాలి. ఆగకుండా పోయినవి వేరే వరసలో. తర్వాత ప్లేట్లు జత చేస్తే ప్రయాణ కాలం వస్తుంది. ఇద్దరూ ఒకేసారి పుస్తకం మూసేస్తే మాత్రం దారిలో ఇరుక్కున్న బస్సులు లెక్కలోకే రావు, రోడ్డు ఉన్నదానికంటే జోరుగా కనిపిస్తుంది. మొదటి స్టాపులో ఆపేశాక రెండో మనిషి ఆ చివరి బస్సు వచ్చేదాకా ఉండాలి. వేగాలను నేరుగా సగటు చేయొద్దు. ఆరు కిలోమీటర్లు వెళ్లేటప్పుడు గంటకి 12, వచ్చేటప్పుడు 30 అయితే సగటు 21 కాదు. పన్నెండు కిలోమీటర్లకి 42 నిమిషాలు, అంటే 17.

రద్దీని కూడా రాసుకుంటే ఇదే చిక్కు. జంటలో ముందు బస్సులో 80 మంది, వెనక దాంట్లో 10 మంది ఉంటే బస్సుకి సగటు 45. ఆ తొంభై మందినీ "మీ బస్సులో ఎంతమంది ఉన్నారు?" అని అడిగి సగటు తీస్తే 72 వస్తుంది.