పాత చీరలు, ముగ్గురు ఆపరేటర్లు, ఒక బొంత

మా బీరువా పై అర నిండా డ్యూటీ చీరలే. 1983లో రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేరినప్పటి నుంచి కట్టినవి. వెంకటగిరి, మంగళగిరి, బందరులంక, అన్నీ నూలువే. పట్టుచీరలైతే ఎవరో ఒకరు అడుగుతారు, వీటిని అడిగేవాళ్ళు లేరు. పనమ్మాయికి ఇవ్వబోతే "పాలిస్టరైతే ఇవ్వండమ్మగారూ, వీటికి గంజి, ఇస్త్రీ ఎవరు పడతారు?" అనేసింది. స్టీలు సామాన్లవాడు జరీ ఉందేమోనని అంచులు తిరగేసి చూసి, మూడు చీరలకి పోపుడబ్బాలో పట్టే చిన్న గిన్నె చూపించాడు. రోషం వచ్చి మళ్ళీ లోపల పెట్టేశాను.

2020 జనవరి 31న వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ, తీసుకుని బయటికొచ్చాను. ఆ ఒక్కరోజే దేశమంతటా బీఎస్ఎన్ఎల్ నుంచి 78 వేల మందికి పైగా బయటికొచ్చారు. అంతమందిలో ఒకదాన్ని కాబట్టి పెద్దగా దిగులనిపించలేదు. వారానికోసారి కలుద్దాం, పాపికొండలు వెళ్దాం అని చాలా అనుకున్నాం. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అన్నీ ఆగిపోయాయి. తర్వాత లాక్‌డౌన్ తీసేసినా మేం కలవలేదు. ముప్పై ఏళ్ళకు పైగా పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళం పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు పంపుకోవడం దగ్గర ఆగిపోయాం.

ఊరికే కలుద్దామంటే ఎవరూ రారు. మనవడికి జలుబు, ఇంట్లో రంగులు వేస్తున్నారు, మోకాళ్ళు, ఏదో ఒకటి ఉంటుంది. అదే "పనుంది, నావల్ల కావట్లేదు, రావాలి" అంటే మా తరం ఆడవాళ్ళు ఏ వంకా పెట్టకుండా వస్తారు. పెళ్ళివారింట్లో అప్పడాలు వత్తడానికి వీధి వీధంతా కదిలొచ్చేది అందుకేనేమో. అందుకని 2021లో, అందరికీ రెండో డోసు టీకా పడ్డాక, దసరా వెళ్ళిన వారంలో ఫోన్ చేసి చెప్పాను. "బొంత కుట్టాలి. మీ డ్యూటీ చీరలు ఒక్కోటి పట్టుకుని రండి."

పేర్లు రాస్తే ఊరుకోరు కాబట్టి వాళ్ళని బోర్డు పేర్లతోనే, అంటే కాల్స్ కలిపే స్విచ్‌బోర్డు దగ్గరి పేర్లతోనే పిలుస్తాను. ఒకావిడ పెద్దక్క. మా అందరికీ ట్రైనింగ్ ఇచ్చింది, మాకంటే ముందే అరవై నిండి రిటైరైంది. రెండో ఆవిడ వన్ నైన్ సెవెన్. 197కి ఫోన్ చేసి ఎవరి నంబరైనా అడిగే డైరెక్టరీ ఎంక్వయిరీలో ఎక్కువకాలం చేసింది. ఎవరి నంబరు అడిగినా పుస్తకం తియ్యకుండా చెప్పేది, ఇప్పటికీ ఊళ్ళో సగం మంది పాత నంబర్లు చెబుతుంది. బెంగళూరులో కూతురి దగ్గర ఉండే ఇంకో ఆవిడ లైట్నింగ్. వేరే ఊరికి ఫోన్ కావాలంటే ఆపరేటరే కలపాల్సిన ట్రంక్ కాల్స్ రోజుల్లో ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలుండేవి. లైట్నింగ్ కాల్‌కి ఆర్డినరీకి ఎనిమిది రెట్లు చార్జీ, క్షణాల్లో కలపాలి. మా లైట్నింగ్ మాట కూడా అంత స్పీడే.

బొంతకి లెక్క చాలా తేలిక. ఐదున్నర మీటర్ల చీరని మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఆరడుగుల పొడవు వస్తుంది. వెడల్పు నాలుగడుగులకి కొంచెం తక్కువ. అంటే ఒక మనిషి పడుకునే బొంత కొలత చీరలోనే ఉంది, టేపుతో పని లేదు. పై పొరకి ఒక చీరలో ముక్క, కింది పొరకి ఇంకో చీరలో ముక్క, లోపలికి బాగా అరిగిన చీర ఒకటి మూడు మడతలు. మొత్తం ఐదు పొరలు. మా అమ్మ వాళ్ళు ఏడెనిమిది పొరలు వేసేవారు, ఉతికితే తాడు మీద వెయ్యడానికి ఇద్దరు కావాలి. మా వేళ్ళకి ఐదే ఎక్కువ.

కుట్టే ముందు చాకిరీ ఉంది. ఫాల్ ఊడదీయాలి. జరీ అంచు ఉంటే కత్తిరించాలి, లేకపోతే పడుకున్నప్పుడు గుచ్చుకుంటుంది. గంజి పూర్తిగా పోవాలి. గంజి ఉండిపోతే పురుగు పడుతుందని పెద్దక్క మూడు చీరలూ రాత్రంతా వేణ్ణీళ్ళలో నానబెట్టించింది. వన్ నైన్ సెవెన్ తెచ్చిన మెరూన్ చీర రంగు దిగుతోంది, దాన్ని వేరే బకెట్లో వేశాం. పాలిస్టర్ కలిసిన చీర ఒక్కటి కూడా ఈ బొంతలోకి రాకూడదు. నూలు పక్కన అది జారిపోతుంది, చెమట పీల్చదు, రెండు ఉతుకులకే ఒక పక్క లాగేస్తుంది.

లోపలికి పెట్టిన అరిగిన చీర నాదే. 1991 పుష్కరాలప్పుడు నైట్ డ్యూటీలకి కట్టిన బిస్కెట్ రంగు బందరులంక. ఆ పన్నెండు రోజులూ బోర్డు మీద దీపాలు ఆరిందే లేదు. ఊరంతా యాత్రికులు, వచ్చిన ప్రతివాళ్ళూ ఇంటికి ఫోన్ చేసి "స్నానం అయింది" అని చెప్పాల్సిందే. కొంగు చివర ఇప్పటికీ సిరా మరక ఉంది. వన్ నైన్ సెవెన్ ఆ మరక ఉన్న ముక్క కత్తిరించేద్దామంది. పెద్దక్క ఒప్పుకోలేదు. "లోపలే కదే ఉండేది, ఎవడు చూడొచ్చాడు?" అంది.

అసలు ఓపిక కావాల్సింది పరవడం దగ్గర. హాల్లో సోఫాలు గోడకి జరిపి, గచ్చు తడిగుడ్డతో తుడిచి ఆరాక, కింది పొర బాగున్న వైపు నేలకి ఉండేలా తిరగేసి పరిచాం. నాలుగు మూలలా పచ్చడిబండ, చపాతీ పీట, రెండు లావుపాటి పుస్తకాలు పెట్టాం. ఒక్కో పొర వేసినప్పుడల్లా మధ్యలోంచి అంచులకి అరచేత్తో దువ్వాలి. తర్వాత తెల్ల దారంతో జానెడు జానెడు దూరంలో పెద్ద టాకాలు, అంటే తర్వాత పీకేసే కుట్లు, వెయ్యాలి. ఇది కచ్చితంగా నడిమధ్యలో మొదలుపెట్టి నాలుగు వైపులకీ వెళ్ళాలి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యకి తోసుకొచ్చి పొట్ట పెరిగినట్టు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు తర్వాత ఏం చేసినా పోదు. ఈ టాకాలు వేసేటప్పుడు మాత్రం నేల మీద కూర్చోక తప్పదు. మాలో కింద కూర్చోగలిగింది వన్ నైన్ సెవెన్ ఒక్కతే. మేమిద్దరం కుర్చీల్లోంచి "అటు లాగవే, ఇటు లాగవే" అని సూపర్‌వైజర్ ఉద్యోగం చేశాం.

టాకాలు పడ్డాక బొంతని ఎత్తి బల్ల మీదకి మార్చుకోవచ్చు. మూడు వైపులా మూడు కుర్చీలు, ఎవరి ఒళ్ళో పడిన భాగం వాళ్ళది. సూది దబ్బనమంత లావు ఉండకూడదు, గుడ్డలో చిల్లులు కనిపిస్తాయి. మరీ సన్నదైతే ఐదు పొరల్లో వంగిపోతుంది. కొంచెం పొడవుగా, కన్ను పెద్దదిగా ఉండాలి. మిషన్ దారం రెండు పోగులేసినా పుటుక్కుమంటుంది. మా ఊళ్ళోనే తాడితోటలో లావు నూలు దారం ఉండలు దొరికాయి. పెద్దక్క కొవ్వొత్తి ముక్క ఒకటి పక్కన పెట్టుకుని, దారం ఎక్కించినప్పుడల్లా దాని మీద ఒకసారి లాగేది. మైనం పట్టిన దారం చిక్కుపడదు, గుడ్డలోంచి జర్రున వస్తుంది. చూపుడువేలికి ఇత్తడి తొడుగు, దాంతో సూది వెనక నొక్కడం. నాలుగు కుట్లు ఒకేసారి సూది మీదకి తీసుకుని అప్పుడు లాగేది. ఆవిడ వరసలు రెండు వేళ్ళ ఎడంతో గీత గీసినట్టు వస్తాయి. నావి రైలు పట్టాలు మారినట్టు వెళ్తాయి. పక్కపక్కనే ఉన్నా ఎవరి వరస ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. మొదట్లో సిగ్గేసింది గానీ, ఇప్పుడైతే అన్నీ ఒకేలా ఉంటే ఏం బాగుంటుంది అనిపిస్తుంది.

మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఐదున్నరకి వెళ్ళేవాళ్ళు. నేను టీ పెట్టేదాన్ని. గుడ్డ మీద మరకలు పడతాయని తినేవేవీ బల్ల దగ్గరికి రానివ్వలేదు, ఈ విషయంలో పెద్దక్క సూపర్‌వైజర్ రోజులు మర్చిపోలేదు. లైట్నింగ్ వీడియో కాల్‌లో వచ్చేది. ఫోన్‌ని పుస్తకానికి ఆనించి పెడితే ఆవిడకి సగం సేపు మా ఇంటి ఫ్యాను మాత్రమే కనిపించేది, అయినా మాట ఆగేది కాదు. వాళ్ళ అల్లుడిది ధార్వాడ. వాళ్ళింట్లో దీన్ని కౌది అంటారట, వియ్యపురాలు కొత్తగా పుట్టిన పిల్లలకి కూడా కుట్టిస్తుందట. బెంగాల్‌లో దీన్నే కాంథా అని పేరు పెట్టి షోరూముల్లో వేలల్లో అమ్ముతున్నారని వన్ నైన్ సెవెన్ గూగుల్‌లో చూసి చెప్పింది. మా బొంతకి దారానికీ సూదులకీ అంతా కలిపి నూటయాభై లోపు అయింది, టీపొడి కలపకుండా.

ఇక చెప్పాలనుకున్న అసలు విషయానికి వస్తాను. పెద్దక్క వాళ్ళాయన రెండో వేవ్‌లో, ఆ మే నెలలో పోయారు. అప్పుడు ఎవరం వెళ్ళలేకపోయాం. ఫోన్ చేస్తే "ఆఁ, బానే ఉన్నానే, భోంచేశాను" అని పెట్టేసేది. ఎదురుగా కూర్చుని ఎవరైనా ముఖంలోకి చూస్తూ "ఎలా ఉన్నావక్కా" అంటే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదట, వాళ్ళ కోడలు చెప్పింది. బొంత దగ్గర కూర్చున్న కొన్నాళ్ళకి, ఒక శుక్రవారం, తలెత్తకుండానే మొదలుపెట్టింది. ఆస్పత్రిలో బెడ్ దొరకడం దగ్గర నుంచి, ఆఖరిసారి ఫోన్లో ఆయన "గ్యాస్ కట్టేశావా?" అని అడగడం దాకా. వరస కుడుతూనే ఉంది, చెబుతూనే ఉంది. మేం కూడా తలెత్తలేదు. వన్ నైన్ సెవెన్ దారం అయిపోయినా కొత్తది ఎక్కించుకోకుండా ఖాళీ సూది అలాగే పట్టుకుని కూర్చుంది.

బోర్డు మీద మా అలవాటు అదే. చేతులు ప్లగ్గులు పీకుతూ పెడుతూ ఉంటాయి, కళ్ళు దీపాల మీద, కాల్ వివరాలు రాసే టికెట్ల మీద ఉంటాయి, చెవి మాత్రం మనిషి దగ్గర ఉంటుంది. ముఖం కనిపించని మనుషుల ఏడుపులు ఎన్ని విన్నామో. దుబాయ్ నుంచి వచ్చే కాల్స్, చావు కబుర్లు, "మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?" అని అడగాల్సి రావడం. ముఖం చూడకపోతే మనిషి చెప్పగలడని మాకు తెలుసు. తెలిసి కూడా ఎవరింటికైనా పరామర్శకి వెళ్ళి సోఫాలో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. అలా కూర్చుంటే బీపీ, షుగర్ తప్ప వేరే మాటలు రావు. ఆ రోజు పెద్దక్క చెప్పడం అయిపోయాక ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడే దారం కొరికి "టీ పెట్టవే, నోరెండిపోయింది" అంది. ఆ తర్వాతి నుంచి ఆయన మాట మామూలుగా తెచ్చేది. ఆయన పిసినారితనం గురించి మేం జోకులు కూడా వేశాం, ఆవిడే అందరికంటే ఎక్కువ వేసింది.

అంచుకి పైపింగ్ వెయ్యడం పెద్ద పని కాదు. మిగిలిన చీర ముక్కలోంచి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలు తీసి, రెండుగా మడిచి, అంచు లోపలికి వచ్చేలా పెట్టి కుట్టాం. మూలల దగ్గర కొంచెం తంటా పడాలి, మా నాలుగు మూలల్లో రెండే చూపించుకునేలా వచ్చాయి. ఆ తర్వాత తెల్ల టాకాలన్నీ కోసి పీకెయ్యాలి. సంక్రాంతి ముందు పూర్తయింది. భోగి మంటలో పాతవన్నీ వెయ్యాలంటారు కదా, మా పాత చీరలు మాత్రం తప్పించుకున్నాయని వన్ నైన్ సెవెన్ అంది. ఆ చలికి పెద్దక్కే దాన్ని తీసుకెళ్ళింది, మేం ఇవ్వలేదు, ఆవిడే "నాది" అని చంకలో పెట్టుకుంది.

ఎవరైనా కుట్టాలనుకుంటే రెండు మాటలు. మొదటిసారే పెద్ద బొంత పెట్టుకోకండి, పసిపిల్లల పక్కబట్ట సైజులో ఒకటి కుట్టి చూడండి. సాయంత్రం దీపాల వెలుతురులో కుట్టకండి. నాకు అప్పటికి ఒక కంటికే శుక్లం ఆపరేషన్ అయింది, ఐదు దాటితే సూది కన్ను రెండుగా కనిపించేది. మెడ వంచే ఉండకుండా గంటకోసారి లేవండి. మిగిలిన ముక్కల్ని జడలా అల్లి, గుండ్రంగా చుట్టి కుడితే గుమ్మం దగ్గర వేసుకోవడానికి పట్టా అవుతుంది, అది ఒక్కరే చేసుకోవచ్చు, స్నేహితులు అక్కర్లేదు. అందుకే నాకు ఆ పని మీద అంత ఇష్టం లేదు.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది లైట్నింగ్‌ది. బెంగళూరు నుంచి చీరలు పార్శిల్ పంపింది, లోపల మైసూర్‌పాక్ పెట్టడంతో ఒక చీరకి నెయ్యి మరక. కుట్లు సగం దాకా వచ్చాయి. అంచుకి ఆవిడ మెరూన్ వెయ్యమంటోంది, ఇక్కడ మేం ముగ్గురం ఆవపిండి రంగు అంటున్నాం. చీరలు నావి కాబట్టి మాట కూడా నాదే చెల్లాలని ఫోన్లో అరుస్తోంది.