పూడ్చేసిన కాలువ

“పైపు నాకు కనబడట్లేదు. మళ్లీ తవ్వండి.”

నా కరెంటు పని తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ అన్నది అంతే. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. అందుకే ఎక్కువ మండింది నాకు. నాలుగు చీవాట్లు పెట్టి, ఆఖర్న ‘సర్లే, కానివ్వండి’ అంటాడేమోనని చూశాను. అనలేదు.

అమెరికాలో, రాలీ శివారులో ఇల్లు కొన్నాక పెరట్లో చెక్కపనికి ఒక షెడ్డు కట్టుకున్నాను. నార్త్ కరోలినాలో మన ఇంటి వైరింగ్ మనమే చేసుకోవచ్చు, కాకపోతే పర్మిట్ ఉండాలి. తవ్వేముందు భూమిలోని లైన్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టమని 811కి ఫోన్ చేస్తే పైసా అడక్కుండా వచ్చి కరెంటుకి ఎర్రజెండాలు, గ్యాసుకి పసుపువి, నీళ్లకి నీలంవి పాతి వెళ్లారు. ఇంటి నుంచి షెడ్డుకి కరెంటు తీసుకెళ్లడానికి రెండు వారాంతాలు 60 అడుగుల కాలువ తవ్వాను. ఇక్కడి మట్టి మా మదనపల్లె వైపు మట్టిలాగే ఎర్రన. తడిస్తే బంక, ఎండితే రాయి. పీవీసీ పైపు వేసి నాలుగు తీగలు లాగాను. రాత్రికి వానన్నారు, పిల్లలు పడతారేమోనని పూడ్చేశాను. పూడ్చకముందే ఇన్‌స్పెక్టర్ చూడాలని తెలియక కాదు. ఫోటోలు తీశాను కదా అని.

అసలు నాకు కరెంటు పని కొత్తా? పదమూడేళ్లకే నాయనతో బోరు దగ్గర స్టార్టర్ పెట్టె విప్పినవాణ్ని. గొణుక్కుంటూనే మళ్లీ తవ్వాను. ఒకచోట పైన్ చెట్టు వేరు అడ్డం వచ్చి పైపు పైకి లేచింది. ఉండాల్సిన లోతు 18 అంగుళాలు, ఉన్నది 13. ఫోటోలో అది తెలియలేదు. ఆ వేరు నరికి, పైపు దించి, మళ్లీ పిలిచాను.

ఈసారి షెడ్డులోని ప్యానెల్ తెరిచి పచ్చ స్క్రూ తీసేయమన్నాడు. అది న్యూట్రల్‌ని, గ్రౌండ్‌ని, అంటే మన ఎర్త్‌ని, కలిపేస్తుంది. ఆ రెండూ కలవాల్సింది ఇంటి మెయిన్ దగ్గర ఒక్కచోటే. షెడ్డులోనూ కలిపితే న్యూట్రల్‌లో తిరిగి పోవాల్సిన కరెంటు గ్రౌండ్ తీగలోకీ పాకుతుంది, అంటే రంపం ఒంటి మీదికీ. “ఎర్త్ కోసం 8 అడుగుల రాడ్లు రెండు నేలలోకి దించాను కదా” అన్నాను, కొంచెం పొగరుగానే. ఆయన అట్టపెట్టె మూత మీద పెన్సిలుతో లెక్క వేసి చూపించాడు. మట్టి 25 ఓములు అడ్డుపడితే 120 వోల్టులకి పారేది ఐదు ఆంపియర్లు కూడా కాదు. 20 ఆంపియర్ల బ్రేకర్ దానికి కదలదు. రాడ్డు పిడుగు కోసం. బ్రేకర్‌ని పడగొట్టేది ఇంటి మెయిన్‌కి వెనక్కి వెళ్లే గ్రౌండ్ తీగ.

ఆ మూత ఇంకా నా దగ్గరే ఉంది. నన్ను పట్టుకున్నది ఆ లెక్కే.

మా మోటారు షెడ్డు పక్కన ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంతలో ఎండాకాలం అమ్మ రోజూ రెండు బిందెల నీళ్లు పోసేది. ఆ గుంత ఉంది కదా అని మాకు ధైర్యం. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని నాయన మూడు పోగుల రాగితీగ చుట్టేవాడు. ఒక వానాకాలం ఆ ఎర్త్ పైపుకి ఒళ్లు ఆనించి ఎనుము పడిపోయింది. గ్రహచారం అనుకున్నాం. అక్కడ 230 వోల్టులు. 25తో భాగిస్తే తొమ్మిది ఆంపియర్లు చిల్లర. మూడు పోగుల రాగి కరగడానికి అదెంత?

నాయనది తప్పని మాత్రం అనను. లైన్‌మన్ కోసం మూడు రోజులు కూర్చుంటే టమాటా తోట ఆగుతుందా? ఆయన కాలువలు చూడ్డానికి పెన్సిలు పట్టుకుని ఎవరూ రాలేదు.

ఆ రాత్రి ఫోన్‌లో నాయనకి ఇదంతా చెప్పాను.

“వానికి ఎంత ఇచ్చినావు?”

“ఏమీ ఇయ్యలేదు నాయనా. రెండోసారి తవ్విచ్చినాడంతే.”

కాసేపు మాట లేదు.

“మన మోటారు షెడ్డు కాడికి ఎవర్నైనా పిలిచి ఎర్త్ లీకేజీ బ్రేకర్ పెట్టిచ్చు. కరెంటు కొంచెం లీకైనా అది ఆపేస్తుంది. డబ్బులు పంపిస్తా.”

“చూద్దాంలే. రేయ్, మీ అమ్మ గుంతలో నీళ్లు పోస్తానే ఉందిలే” అన్నాడు.