ముప్పావు మైలు తారు రోడ్డు

ఇంగ్లండుకు వచ్చిన తొలి ఏడాది నేనొక గుర్రానికి హారన్ కొట్టాను. తప్పని తెలియదు. మన దగ్గర ముందున్న బండికైనా, గేదెకైనా, మనిషికైనా "వెనక వస్తున్నాను సుమా" అని చెప్పడానికి అంతకన్నా మర్యాదైన పద్ధతి లేదు కదా. స్విండన్ దాటాక, రెండు వైపులా కంచెలున్న ఇరుకు దారిలో ఒకావిడ గుర్రం మీద వెళుతోంది. చిన్నగానే నొక్కాను. గుర్రం నాలుగు కాళ్లూ ఒక్కసారే పక్కకు వేసింది. ఆవిడ ఎలాగో నిలదొక్కుకుని, వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

నేను గుర్రమెక్కడానికి కారణం మాత్రం పశ్చాత్తాపం కాదు, పొదుపు. మా అమ్మాయి పుట్టినరోజుకు పది పాఠాలకు డబ్బు కట్టాం. ఆరింటితో దానికి మోజు తీరిపోయింది. కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వరు. మిగిలిన నాలుగు పాఠాలకు నేను వెళ్లాను. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. ఫోనులో అమ్మ, "ఈ వయసులో గుర్రమెక్కడమేమిటే, నడుము విరిగితే ఎవరు చూస్తారు?" అంది. నాన్న అడిగింది ఒకటే: "జట్కా గుర్రమా, రేసు గుర్రమా?" తెనాలి మనిషికి లోకంలో ఉన్నవి ఆ రెండు రకాలే.

పెప్పర్ ఆ రెండూ కాదు. నల్ల మిరియాల పొడి చల్లినట్టుండే తెల్లటి, కాబ్ అనే పొట్టి దిట్టమైన రకం గుర్రం, బలిసిన కాళ్లు, పదహారేళ్ల వయసు, తిండి మీద అపారమైన శ్రద్ధ. ఎత్తు 15.2 హ్యాండ్లు. హ్యాండంటే నాలుగు అంగుళాలు, చుక్క తరువాతి అంకె మిగిలిన అంగుళాలు. 15.3 తరువాత వచ్చేది 16. సాఫ్ట్‌వేర్ పరీక్షించి బతికేదాన్ని కాబట్టి ఈ లెక్క మీద లాయంలో కాసేపు వాదించాను. ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగు పాఠాలు నలభై అయ్యాయి. ప్రతి శనివారం ఉదయం ఎనిమిదింటికి ఇసుక పరిచిన ఎరీనా. నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు, చుట్టూ ఏ, కె, ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్ అని అక్షరాలు. ఆ వరసకు అర్థమేమిటని వెతికితే నాకు దొరకలేదు, అక్షరాభ్యాసంలా బట్టీ పట్టాను. మొదట నడక, తరువాత ట్రాట్, అంటే నడకకు పై మెట్టు వేగం. ట్రాట్‌లో గుర్రం వీపు మనల్ని బంతిలా ఎగరేస్తుంది. ఆ ఎగరవేతకు అనుగుణంగా ఒక అడుగుకు లేచి, ఒక అడుగుకు కూర్చోవాలి. గుర్రం బయటి వైపు ముందుకాలు ముందుకు పడేటప్పుడు లేవాలన్నది నియమం. వంగి చూడకుండా, నడుముతోనే అది తెలుసుకోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది. "రౌతు కొద్దీ గుర్రం" అని మనవాళ్లు ఊరికే అనలేదు. అదే పెప్పర్, నా తరువాతి పాఠానికి వచ్చే పన్నెండేళ్ల పిల్ల కింద నెమలిలా నడిచేది.

నా మనసంతా ట్రాట్‌కు పై మెట్టైన క్యాంటర్ మీద ఉండేది. గాలి, జూలు, సినిమా గుర్రాలు. మా శిక్షకురాలి మనసు మాత్రం ఆగడం మీద ఉండేది. "ఎక్స్ దగ్గర ఆపు. నాలుగు లెక్కపెట్టు. కదలకూడదు." ఎక్స్ అంటే ఎరీనా నట్టనడుమ, ఏ గుర్తూ లేని చోటు. ఆపడం తప్పితే హాఫ్ హాల్ట్: అర క్షణం నడుము నిటారు చేసి, పగ్గాన్ని తడిగుడ్డను పిండినట్టు పిడికిట్లో పిండి వదలడం. ఆగమనడం కాదు, "విను, ఏదో చెప్పబోతున్నాను" అనడం. అదీ కాకపోతే లెగ్ యీల్డ్: ఒక కాలితో నొక్కితే గుర్రం ముందుకు నడుస్తూనే పీతలా రెండో పక్కకు జరగాలి. పెప్పర్ జరిగేది కాదు, లేదా వెనక సగం ఒక్కటే జరిగేది. ఇదంతా పోటీలకు వెళ్లే దొరసానుల సోకు, నాకెందుకు అనుకునేదాన్ని.

నాకు కావలసింది రిడ్జ్‌వే. లాయం వెనక గుట్టల మీద, సుద్దరాయి వెన్ను వెంబడి పోయే ప్రాచీన మార్గం. ఇటు వైపు భాగంలో గుర్రాలకు హక్కు ఉంది. దాని మీద యాష్‌బరీ పైన వేలండ్స్ స్మిథీ అనే రాతి సమాధి ఉంది, ఐదున్నర వేల ఏళ్ల నాటిది. అక్కడ గుర్రాన్ని కట్టేసి ఒక వెండి నాణెం ఉంచి వెళితే, కనబడని కమ్మరి తెల్లారేలోగా లాడాలు కొట్టి పెడతాడని ఇక్కడివాళ్ల కథ. ఆరేడు వారాలకోసారి లాడాల మనిషికి ఇచ్చే మొత్తం తెలిశాక ఆ కథ మీద గౌరవం ఇంకా పెరిగింది. పెప్పర్‌తో అక్కడిదాకా వెళ్లాలి, అంతే నా కోరిక. అడ్డం వచ్చింది లాయం గేటుకూ గుట్ట ఎక్కే మట్టిదారికీ మధ్యనున్న ముప్పావు మైలు తారు రోడ్డు.

మొదటిసారి శిక్షకురాలి వెనకే బయలుదేరి రెండు వందల గజాలు వెళ్లాను. ఒక ఇంటి ముందు ఎడమ పక్కన చక్రాల చెత్తడబ్బా, మూత సగం తెరిచి ఉంది. పెప్పర్ దాని వైపు తల తిప్పి బుస్సుమంది. తల ఎడమకు తిరిగింది కాబట్టి పిరుదు కుడికి తిరిగింది, అంటే నడి రోడ్డుకు. అర టన్ను గుర్రం రోడ్డుకు అడ్డంగా నిలబడితే ఎదురుగా వచ్చిన కారావిడ ఇంజన్ ఆపేసి ఓపికగా కూర్చుంది. నేను పగ్గాలు లాగాను. లాగేకొద్దీ అది వెనక్కి జరిగింది. చివరకు దిగి నడిపించుకుంటూ వచ్చేశాను. మామూలుగా గుర్రానికి ఎడమ పక్కన ఉండి నడిపిస్తాం. రోడ్డు మీద మాత్రం గుర్రాన్ని మన ఎడమకు ఉంచుకుని, వాహనాలకూ దానికీ మధ్య మనం నడవాలి. అదీ ఆ రోజే తెలిసింది.

తిరిగి ఎరీనాకు వచ్చాక శిక్షకురాలు ఒక చెత్తడబ్బాను ఈడ్చుకొచ్చి గోడవారగా పెట్టింది. "ఇప్పుడు లెగ్ యీల్డ్ చెయ్యి." భయపెట్టే వస్తువు ఎడమ పక్క ఉంటే గుర్రం ముక్కును దాని వైపు కాక కొద్దిగా కుడికి తిప్పాలి. కుడి కాలితో నొక్కి ఒంటిని ఎడమకు పంపాలి. అప్పుడు బెదిరినా పిరుదు రోడ్డు మీదకు రాదు. బెత్తం కుడి చేతిలో ఉండేదీ అందుకే, కొట్టడానికి కాదు, అటు గోడలా ఉండడానికి. ఆరు నెలలుగా నేను సోకనుకుని విసుక్కున్నది రోడ్డు కోసమని ఆవిడ ముందే ఒక ముక్క చెప్పి ఉండవచ్చు. అడిగితే, "చెప్పాను, నువ్వు క్యాంటర్ గురించి అడుగుతూ ఉన్నావు" అంది.

ఆ చలికాలం బ్రిటిష్ హార్స్ సొసైటీ వారి రైడ్ సేఫ్ పరీక్షకు సిద్ధమయ్యాను. ఎరీనాలోనే కర్రలు పరిచి ఉత్తుత్తి రోడ్డు, కూడలి, ఆగి ఉన్న బండి. పక్కన ఆరేసిన దుప్పటి, గొడుగు, పిల్లల సైకిలు గంట. ఆగి ఉన్న బండిని దాటాలన్నా వరస తప్పకూడదు: ముందు చూడాలి, కుడి భుజం మీదుగా వెనక చూడాలి, చెయ్యి చాపాలి, మళ్లీ వెనక చూడాలి, రెండు చేతులూ పగ్గాల మీదకు వచ్చాకే కదలాలి. ఈ మళ్లీ చూడడం దగ్గరే నేను పదిసార్లు తప్పాను. కారులో అద్దాలకు అలవాటు పడిన మెడ తిరగదు.

గుర్రానికి ఆ బాధ లేదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండడంతో నుదుటి ముందు కాస్త, తోక వెనక కాస్త తప్ప చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది. కనబడేదంతా భయపెట్టేదే. తెనాలి స్టేషను బయట జట్కా గుర్రాలకు గంతలు చూసి చిన్నప్పుడు పాపం అనుకునేదాన్ని. ఆ బండివాడికి తెలిసినంత నాకు తెలిసి ఉంటే అనుకునేదాన్ని కాదు.

మరో సంగతి, రంగు. ఫ్లోరసెంట్ కోటంటే పసుపే కదా అని కొన్నాను. మే నెలలో ఇక్కడి పొలాల్లో రేప్ పంట విరగబూస్తుంది. మన ఆవ చేనుకు దగ్గరి చుట్టం, మైళ్ల పొడవునా పసుపే. నా ఫోటో నేను చూసుకుంటే పొలంలో కలిసిపోయి ఉన్నాను. మరుసటి వారం కళ్లు చెదిరే గులాబీ రంగు కోటు కొన్నాను. పెప్పర్ కాళ్లకూ మెరిసే పట్టీలు. హెల్మెట్ కింద నా జడ పట్టక ఇంకో గొడవ. ముడి మెడ మీదకు దించి వేసుకోవడం అలవాటైంది. ఒకసారి ఎరీనాలో పడి తల కంచెకు తగిలాక, గీత కూడా లేదు కదా అని అదే హెల్మెట్ పెట్టుకోబోతే శిక్షకురాలు లాక్కుని చెత్తడబ్బాలో పడేసింది. దెబ్బ తిన్న హెల్మెట్ లోపల నలిగిపోతుందట. నా గుండె కూడా కొంచెం నలిగింది, దాని ధర తలుచుకుని.

ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌ను 2022 జనవరి 29 నుంచి సవరించారు. గుర్రాన్ని దాటే వాహనం గంటకు 10 మైళ్లు మించకూడదు, కనీసం 2 మీటర్ల ఎడం ఇవ్వాలి, హారన్ కొట్టకూడదు, ఇంజను రొద చేయకూడదు. ఈ సంగతి నాన్నకు చెబితే, బండికి ఐదు మూరలు, గుర్రానికి పది మూరలు, ఏనుగుకు వెయ్యి మూరలు దూరం ఉండాలన్న పాత శ్లోకం చదివి, "మనవాళ్లు అప్పుడే చెప్పారు" అన్నారు. మూర అడుగున్నర అనుకుంటే పది మూరలు నాలుగున్నర మీటర్లు. ఇంగ్లీషువాళ్ల కన్నా మనవాళ్లే ఉదారులు, కాగితం మీద.

మా ఆయన్ను అభ్యాసానికి వాడుకున్నాను. లాయం సొంత దారిలో ఆయన కారుతో మమ్మల్ని దాటడం, మళ్లీ తిరిగి రావడం, గంటసేపు. "పది మైళ్లంటే ఇంత నెమ్మదా!" అని ఆశ్చర్యపోయారు. స్పీడోమీటరు చూడకుండా తోలితే ప్రతిసారీ ఇరవై దగ్గర ఉన్నారు, తాను పాకుతున్నానని నమ్ముతూనే.

పరీక్షలో నెగ్గాను. నెగ్గిన మూడో వారమే దెబ్బ తగిలింది. ఒక కారు చక్కగా నెమ్మదించి దాటింది. కృతజ్ఞతగా తల ఊపితే చాలని నేర్పారు. కానీ నేనూపే తల మన తల, అడ్డంగా ఊగుతుంది. అది చూసి అంతకుముందు ఒకాయన వద్దంటున్నానేమో అనుకుని వెనకే ఆగిపోయాడు. అందుకని ఈసారి కుడి చెయ్యి పైకెత్తాను. ఆ కారు వెనకే సరుకుల వ్యాను ఉంది. నేను వెనక్కి చూడలేదు. అది వేగం తగ్గించకుండా, నా రికాబుకు జానెడు దూరంలోంచి పోయింది. పెప్పర్ ఎడమకు, కంచె ముళ్లలోకి దూకింది. కుడికి దూకి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. ఒంటిచేత్తో పగ్గాలు, ఒక కాలు రికాబులోంచి జారిపోయి, మెడ కావలించుకుని నిలిచాను. వ్యాను తప్పు పెద్దది. చెయ్యెత్తడం, చూడకపోవడం నావి. ఆ సాయంత్రం, ఇలాంటి ఘటనలు నమోదు చేసే సొసైటీ వారి హార్స్ ఐ యాప్‌లో రెండూ రాశాను.

తరువాత రెండు వారాలు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. చేతులు చల్లబడేవి, అది పగ్గాల గుండా పెప్పర్‌కు తెలిసిపోయేది. శిక్షకురాలు ధైర్యం చెప్పలేదు. గేటు లోపలే గుర్రాన్ని నిలబెట్టి, దాటిపోయే వాహనాలను ఇరవై నిమిషాలు చూడమంది. లారీ, ట్రాక్టరు, మోటారు సైకిళ్ల గుంపు. నాలుగో ట్రాక్టరుకు పెప్పర్ ఒక వెనక కాలు వదులు చేసి కునుకు మొదలుపెట్టింది. ఎక్స్ దగ్గర నాలుగు లెక్కపెట్టిన రోజులు గుర్తొచ్చాయి. మూడో శనివారం రోడ్డెక్కాం, ఆవిడ బయటి వైపు, నేను కంచె వైపు.

వేలండ్స్ స్మిథీ చేరింది ఆగస్టు చివరి శనివారం. బీచ్ అనే పెద్ద చెట్ల నీడ, నిలువు రాళ్లు, ఎవరో కుక్కను తీసుకొచ్చిన దంపతులు. కమ్మరి జాడ లేదు. అయినా ఒక రాతి పగులులో ఇరవై పెన్సుల నాణెం పెట్టాను. వెండి కాదు, ఆయన మన్నించాలి. సుద్దమట్టి దారి మీద తిరుగు ప్రయాణంలో నిమిషంసేపు క్యాంటర్ కూడా చేశాం. క్యాంటర్‌లో ముందు పడాల్సిన కుడి కాలు తప్పే పడింది, అది ఇంకా కుదరడం లేదు.

సెలవు సోమవారం ఉన్న వారాల్లో ఈ ఊళ్లో చెత్త ఎత్తేది ఒకరోజు ఆలస్యమై శనివారానికి పడుతుంది. ఆ వారాల్లో ముప్పావు మైలులో పద్నాలుగు డబ్బాలు ఉంటాయి, లెక్కపెట్టాను. వంటింట్లో మున్సిపాలిటీ క్యాలెండరు మీద ఆ తేదీలకు గులాబీ రంగు పెన్నుతో సున్నాలు చుట్టాను. మా ఆయన అవి చెత్త బయట పెట్టే గుర్తులనుకుంటున్నారు.