తలస్నానం చేసి లోపలికి రా

"ఒరేయ్, ఇంత దూరం వచ్చి కోటలు చూడకుండా శ్మశానం చూస్తానంటావేంట్రా?" అంది అక్క. మ్యూనిక్‌లో వాళ్లింట్లో నాకది నాలుగో రోజు. నవంబరు చలి. నేను చూస్తానన్నది డాకౌ, హిట్లర్ నాజీలు ఖైదీల్ని పెట్టిన క్యాంపు, ఇప్పుడు మెమోరియల్. బావ మాత్రం ఏమీ అనకుండా దారి చెప్పాడు. మెయిన్ స్టేషన్‌లో ఎస్2 రైలెక్కితే అరగంట లోపే డాకౌ, స్టేషన్ బయట 726 నంబరు బస్సు, అది మెమోరియల్ ముందే ఆపుతుంది. "టికెట్ జోన్ చూసుకో" అని కూడా అన్నాడు. చూసుకోలేదు. ఊరి జోన్ వరకే టికెట్ కొని, రైల్లో మ్యాప్ చూశాక గుండెలో రాయి పడింది. డాకౌ పక్క జోన్‌లో ఉంది, దొరికితే 60 యూరోలు. చెకింగ్ రాలేదు, నా అదృష్టం. మీరు మాత్రం రెండు జోన్లకూ చెల్లే ఎమ్-1 డే టికెట్టే తీసుకోండి.

లోపలికి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు, ఆడియో గైడ్‌కే కట్టాలి. 13 ఏళ్ల లోపు పిల్లల్ని తీసుకురావద్దని మెమోరియల్ వాళ్లే సూచిస్తారు. మూడు గంటలైనా పెట్టుకోండి, నాకు ఐదు పట్టింది.

ఇనుప గేటు మీద 'పని స్వేచ్ఛనిస్తుంది' అని జర్మన్ అక్షరాలుంటాయి. ఇప్పుడున్న గేటు నకలు. అసలుదాన్ని 2014లో ఎవరో రాత్రికి రాత్రి ఎత్తుకుపోతే రెండేళ్ల తర్వాత నార్వేలో దొరికింది, ఇప్పుడు మ్యూజియంలో పెట్టారు. ఆ గేటును ఇంట్లో పెట్టుకుని ఏం చేద్దామనుకున్నాడో దొంగ!

హిట్లర్ గద్దెనెక్కిన రెండు నెలలకే, 1933 మార్చి 22న, మూతపడ్డ మందుగుండు ఫ్యాక్టరీ స్థలంలో ఈ క్యాంపు తెరిచారు. మొదట్లో తెచ్చింది రాజకీయ ప్రత్యర్థుల్ని. తర్వాత యూదులు, రోమా జాతివాళ్లు (జిప్సీలు), స్వలింగ సంపర్కులు, పోలండ్ పాదిరీలు. పన్నెండేళ్లలో రెండు లక్షల మందికి పైగా ఖైదీలు, కనీసం 41,500 మరణాలు. ఈ అంకెలు నేను ముందే చదివి వెళ్లాను. చదివినప్పుడు ఏమీ అనిపించలేదు, నిజం చెప్పాలంటే.

అనిపించింది ఖైదీలు పడుకునే బరాక్‌లో. అప్పటి 34 బరాకుల్లో ఇప్పుడున్నవి రెండే, అవీ తిరిగి కట్టినవి. మిగతావాటి జాడలు కంకర పోసిన పునాదులు, వాటి ముందు నంబర్లు. లోపల మూడు గదుల్లో మూడు కాలాల మంచాలు పెట్టారు. మొదటి గదిలో మనిషికొక చోటు, మధ్యలో అడ్డు పలక. చివరి గదికొచ్చేసరికి పలకలు లేవు, పొడవాటి చెక్క అరుగులే. ఆరు వేల మంది కోసం కట్టిన క్యాంపులో 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం వచ్చేనాటికి ముప్పై వేల పైచిలుకు ఉన్నారు. ఆ లెక్క నాకు ఆ పలక మాయమైన చోట అర్థమైంది. దుప్పటి అంచు వంకరగా ఉన్నా శిక్షే అని ఆడియోలో చెబుతుంటే, పొద్దున నేను మడవకుండా వదిలేసి వచ్చిన రజాయి గుర్తొచ్చింది.

ఆకలి మాత్రం మామూలుగానే వేసింది. బయట కెఫటేరియా దగ్గర అక్క కట్టిచ్చిన పులిహోర తిన్నాను. సిగ్గేసింది, అయినా డబ్బా ఖాళీ చేశాను.

చివర్లో, చెట్ల వెనక, దహన కొలిమి. అక్కడొక ఫలకం మీద నాలుగు పేర్లున్నాయి, 1944 సెప్టెంబరులో ఇక్కడ చంపేసిన నలుగురు బ్రిటిష్ గూఢచారిణులవి. వాటిలో ఒకటి ఇనాయత్ ఖాన్. నూర్ ఇనాయత్ ఖాన్, టిప్పు సుల్తాన్ వంశం. జాతక కథలను పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన అమ్మాయి. జర్మన్ల చేతుల్లో ఉన్న ఫ్రాన్స్‌కు వైర్‌లెస్ ఆపరేటర్‌గా బ్రిటన్ పంపిన తొలి మహిళ. చనిపోయేనాటికి ముప్పై ఏళ్లే. ఆమె తండ్రి పాట విని 'తాన్‌సేన్' అని బిరుదిచ్చింది మన హైదరాబాద్ నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆ తండ్రికి సూఫీ గురువు దొరికింది కూడా హైదరాబాద్‌లోనే. పొద్దుట్నుంచీ ఎవరిదో చరిత్ర చూస్తున్నాననుకున్న నేను ఆ పేరు ముందు కదల్లేకపోయాను. పక్కన నిలబడ్డ పెద్దావిడ నన్ను చూసి, ఫలకాన్ని చూసి, మెల్లగా పక్కకు తప్పుకుంది. నేను ఆ అమ్మాయి బంధువుననుకుందేమో.

అదే భవనంలో ఒక తలుపు మీద 'బ్రౌజెబాద్' అని రాసుంటుంది. అంటే స్నానాల గది. లోపల కప్పు చేతికందేంత కిందికి ఉంది, అందులో ఉత్తుత్తి షవర్లు. అది గ్యాస్ గది. సామూహిక హత్యలకు దీన్ని ఇక్కడ వాడలేదని మెమోరియల్ వాళ్లే చెబుతారు. ఆ మాట తెలిసీ అందులో నిమిషం కూడా నిలబడలేకపోయాను.

తిరుగు రైల్లో ఉండగా అక్క ఫోన్ చేసింది. "అలాంటి చోటికెళ్లి అలాగే వంటింట్లోకి రాకు. తలస్నానం చేసి లోపలికి రా." సరేనన్నాను. ఇంటికెళ్లి బాత్రూం తలుపేసుకున్నాను. షవర్ తిప్పబోయి తల పైకెత్తాను. తలుపు కొంచెం తెరిచి కేకేశాను.

"అక్కా, బకెట్ ఉందా?"