రెండున్నర ఇంచుల నీళ్ళకి ఎంత మోటారు?

చీనీ (బత్తాయి) తోటలో పాత బోరు ఎండిపోతే కొత్తది వేయించాం. అనంతపురం వైపు బోరు వేయించడమంటే ఎంత టెన్షనో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. నీళ్ళు తగలక తెల్లదుమ్ము లేచినంతసేపూ ఎవరూ నోరు విప్పరు. 380 అడుగుల దగ్గర నీళ్ళు తగిలాయి. 450 దాకా దించి ఆపించాం. ఫ్లషింగ్ (గాలితో బోరు కడగడం) అయ్యాక బోరు బండి మేస్త్రీ మట్టికట్ట వేసి, మధ్యలో 'వి' ఆకారంలో కోసిన రేకు నిలబెట్టి, దాని మీదుగా పారే నీటి ఎత్తుని స్కేలుతో చూసి "రెండున్నర ఇంచులన్నా" అన్నాడు. మా చిన్నాయన మొహం వెలిగిపోయింది.

ఇక మోటారు కొనాలి. మేస్త్రీ మాట్లాడేది అడుగులు, ఇంచులు. షాపులో అంతా హెచ్‌పీ. మోటారు చార్టులో మీటర్లు, నిమిషానికి లీటర్లు. డ్రిప్ వాళ్ళది గంటకి లీటర్లు. షాపాయన చార్టు తెరవకుండానే ఏడున్నర హెచ్‌పీ అన్నాడు. చిన్నాయనైతే పది ఉంటే నిశ్చింత అన్నాడు.

నాకు మింగుడుపడనిది ఇంచు. ఇంచంటే పొడవు. ప్రవాహమంటే ఇంత సమయంలో ఇన్ని నీళ్ళు. మరి ఇంచులో సమయం ఎక్కడుంది? ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన మితులు (డైమెన్షన్లు), అంటే ఒక రాశిలో పొడవు, కాలం ఏ ఘాతంలో ఉన్నాయో చూసే పద్ధతి, ఇక్కడ అక్కరకొచ్చాయి. రేకు మీదుగా నీళ్ళు పడేది భూమ్యాకర్షణ వల్ల. కాబట్టి ప్రవాహాన్ని తేల్చేవి ప్రధానంగా రెండే: నీటి ఎత్తు, గురుత్వ త్వరణం. 'వి' కోతకి ఉన్నది కోణమే, కోణానికి మితి లేదు. ప్రవాహం మితి పొడవు ఘనం బై కాలం. త్వరణం మితి పొడవు బై కాలం వర్గం. కింద కాలం ఒక్కసారే రావాలంటే త్వరణానికి వర్గమూలం తీయక తప్పదు. దాంతో పొడవుకి అర ఘాతం వచ్చేస్తుంది, మూడు ఘాతాల్లో మిగిలిన రెండున్నర ఘాతం నీటి ఎత్తే ఇవ్వాలి.

అంటే ఇంచులు రెండింతలైతే నీళ్ళు ఐదున్నర రెట్లు దాటతాయి. పక్క చేనాయన తన బోరుకి మూడించులని, మాకంటే అర ఇంచే ఎక్కువని తేలిగ్గా చెబుతాడు గానీ, ఆయన నీళ్ళు మావాటికి ఒకటిన్నర రెట్ల పైనే.

సూత్రంలో ముందుండే స్థిరాంకాన్ని మాత్రం మితులు చెప్పవు, అది ప్రయోగంతో తేలాల్సిందే. 90 డిగ్రీల కోతకి అది సుమారు 1.38. ఎత్తు మీటర్లలో పెడితేనే ఈ అంకె పనిచేస్తుంది, ప్రవాహం సెకనుకి ఘనమీటర్లలో వస్తుంది. గురుత్వ త్వరణం వర్గమూలం అందులోనే కలిసి ఉంది, ఇంచులు నేరుగా పెడితే లెక్క గల్లంతే. రెండున్నర ఇంచులంటే 0.0635 మీటర్లు. వచ్చింది నిమిషానికి 84 లీటర్లు. సరిచూడ్డానికి 200 లీటర్ల డ్రమ్ము పెట్టిస్తే రెండున్నర నిమిషాల్లో నిండింది. అంటే 80.

నీళ్ళు తగిలింది 380 అడుగుల దగ్గరైనా బోరులో అంతకంటే పైకి ఎక్కి నిలుస్తాయి. తోడేటప్పుడు ఆ మట్టం 300 అడుగులకి దిగుతుందనుకున్నాం, అంటే 91 మీటర్లు. పైపు రాపిడి, డ్రిప్‌కి కావాల్సిన ప్రెషర్ కలిపితే 110. నిమిషానికి 80 లీటర్లంటే సెకనుకి 1.33 కిలోల నీళ్ళు. దాన్ని గురుత్వ త్వరణం 9.8తో, ఎత్తు 110తో గుణిస్తే దాదాపు 1,440 వాట్లు. హెచ్‌పీకి 746 వాట్లు గనక ఇది రెండు హెచ్‌పీ లోపే. పంపు సామర్థ్యం 45 శాతమే అనుకున్నా నాలుగున్నర దాటదు. మోటారు చార్టులో 110 మీటర్ల గడిలో 80 లీటర్లకి దగ్గరగా ఉన్న ఐదు హెచ్‌పీ పంపు చాలు. పది పెడితే బోరులో ఊరేదానికంటే ఎక్కువ లాగి, నీళ్ళు లేకుండా తిరిగి మోటారు కాలిపోవచ్చు.

ఈ లెక్కలేవీ చిన్నాయన చెవికెక్కలేదు. ఆయన్ని ఒప్పించింది డ్రమ్మే. "బోరులో ఊరేదానికన్నా ఎక్కువ గుంజితే యాడ్నుంచి వస్తాయప్పా నీళ్ళు?" అని షాపాయనకి తనే చెప్పాడు.

80 లీటర్లంటే గంటకి 4,800. చెట్టుకి 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు, అంటే గంటకి 32 లీటర్లు. అందుకని వాల్వుకి 150 చెట్ల చొప్పున తోటని విడదీశాం. ఏప్రిల్‌లో మట్టం దిగిపోయి డ్రమ్ము నిండటానికి మూడు నిమిషాలు పట్టింది, గంటకి 4,000 లీటర్లే. వాల్వుకి 125 చెట్లకి తగ్గించి, మిగిలిన వరసలకి ఇంకో వాల్వు పెట్టించాం.